ఈఆర్‌పీ వస్తే పని తగ్గుతుందా, చేతులు మారుతుందా?

క్లుప్తంగా

ఈఆర్‌పీ (ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్) సాఫ్ట్‌వేర్ కొనుగోళ్లు, స్టోర్స్, ఉత్పత్తి, అమ్మకాలు, అకౌంట్స్, జీతాలను ఒకే డేటాబేస్ మీదికి తెస్తుంది. ఒకే సమాచారాన్ని నాలుగు చోట్ల రాసుకోవడం, నెలాఖరున వాటిని పోల్చి చూసుకోవడం తగ్గిపోతాయి. అయితే ఆ పని మాయమైపోదు. అందులో చాలా భాగం సరుకు దించుకునే చోటికి, ఆర్డర్ రాసుకునే చోటికి జరుగుతుంది. ఈ సంగతి ముందే లెక్కలోకి తీసుకున్న చోట ప్రాసెస్‌లు నిజంగానే సులువవుతాయి. సాఫ్ట్‌వేరే అన్నీ సర్దేస్తుందని వదిలేసిన చోట ఖర్చూ గందరగోళమూ పెరుగుతాయి.

అంకెలు కలవని మూడు లెక్కలు

విభాగాలు పెరిగిన సంస్థలో స్టోర్స్‌లో ఒక రిజిస్టర్, కొనుగోలు విభాగంలో ఒక ఎక్సెల్ షీట్, అకౌంట్స్‌లో వేరే ఏదో సాఫ్ట్‌వేర్ ఉంటాయి. మూడింటిలోనూ ఉన్నది అదే సరుకు, అంకెలు మాత్రం కలవవు. నెలాఖరు వచ్చిందంటే ఏది నిజమో తేల్చుకోవడానికే కొన్ని రోజులు పోతాయి. ఈఆర్‌పీ అమ్మేవాళ్లు చూపించే మొదటి స్లైడ్‌లో దాదాపు ఎప్పుడూ ఈ బొమ్మే ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు కూడా.

చాలామందికి అంతుపట్టనిది ఆ తర్వాతి సంగతి. 1990ల్లో నెట్‌వర్క్ పరికరాల తయారీ సంస్థ సిస్కో తొమ్మిది నెలల్లో ఈఆర్‌పీ పెట్టేసుకుంది. జర్మనీకి చెందిన సూపర్‌మార్కెట్ల సంస్థ లిడ్ల్ 2011లో మొదలుపెట్టిన ప్రాజెక్టును ఏడేళ్ల తర్వాత, సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని వార్తలొచ్చిన దశలో, పక్కన పడేసింది. రెండింటిలోనూ వాడినవి పేరున్న సాఫ్ట్‌వేర్లే. డబ్బుకూ మనుషులకూ రెండు చోట్లా కొదవ లేదు. తేడా ఎక్కడ వచ్చిందో తెలియాలంటే ముందు ఈ సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఒక్క ఎంట్రీ ఎంత దూరం వెళ్తుంది

ఒక యంత్రాల కంపెనీ 500 బేరింగులకు, ఒక్కోటి 20 డాలర్ల చొప్పున, పర్చేజ్ ఆర్డర్ ఇచ్చిందనుకుందాం. లారీలో 480 మాత్రమే వచ్చాయి. స్టోర్స్ ఉద్యోగి ఆ ఆర్డర్ నంబరు తెరిచి, వచ్చినవి 480 అని కొట్టి సేవ్ చేస్తాడు. జీఆర్‌ఎన్, అంటే సరుకు అందినట్టు రసీదు, తయారవుతుంది. అతను చేసింది అంతే. ఆ ఒక్క సేవ్‌తో స్టాకు 480 పెరుగుతుంది. అకౌంట్స్‌లో స్టాకు ఖాతాకు 9,600 డాలర్లు డెబిట్ పడి, సరుకు వచ్చి బిల్లు రాని తాత్కాలిక ఖాతాకు అంతే మొత్తం క్రెడిట్ పడుతుంది. ఇంకా 20 రావాలని కొనుగోలు విభాగానికి కనిపిస్తుంది. నాణ్యత తనిఖీ అవసరమైన వస్తువైతే, ఆ 480 ఎవరూ వాడకుండా ఆగి తనిఖీ జాబితాలో చేరతాయి.

వారం తర్వాత సరఫరాదారు 500 బేరింగులకు 10,000 డాలర్ల బిల్లు పంపుతాడు. అకౌంట్స్‌లో దాన్ని ఎక్కించగానే సిస్టమ్ ఆర్డర్‌ను, జీఆర్‌ఎన్‌ను, బిల్లును పక్కపక్కన పెట్టి చూస్తుంది. ధర కలిసింది, సంఖ్య కలవలేదు. చెల్లింపు అక్కడే ఆగిపోతుంది. దీన్ని త్రీ-వే మ్యాచ్ అంటారు. పాత పద్ధతిలోనూ ఈ తనిఖీ ఉండేది. కాకపోతే అకౌంట్స్ వాళ్లు స్టోర్స్‌కు ఫోన్ చేసి, స్టోర్స్ వాళ్లు రిజిస్టర్ తిరగేసి, డెలివరీ చలానా దొరక్కపోతే సరఫరాదారునే మళ్లీ అడిగి తేల్చేవారు. పని ఒత్తిడి ఉన్న రోజుల్లో తేల్చకుండానే డబ్బు వెళ్లిపోయేది.

ఇదే గొలుసు నష్టానికీ దారి. ఆ ఉద్యోగి 480కి బదులు 4,800 కొట్టినా, విడి నగానికి బదులు పది నగాల పెట్టెను యూనిట్‌గా ఎంచుకున్నా, ఆ తప్పు అదే క్షణంలో స్టాకులోకి, లెడ్జర్‌లోకి, ప్లానింగ్‌లోకి పాకుతుంది. రిజిస్టర్ రోజుల్లో పడ్డ తప్పు రిజిస్టర్‌లోనే ఉండిపోయేది. ఆర్డర్ చేసినదానికంటే ఇంత శాతానికి మించి తీసుకోకూడదని పరిమితి పెట్టుకుంటే ఇలాంటి తప్పును సిస్టమే ఆపుతుంది. ఆ పరిమితి ఎంత ఉండాలో మాత్రం సంస్థే చెప్పాలి. ఇలా సంస్థే చెప్పాల్సినవి వందల్లో ఉంటాయి. ఈఆర్‌పీ ప్రాజెక్టులో కాలం తినేది ఎక్కువగా ఇవే.

విడిభాగాల లెక్కతో మొదలై

దీని మూలాలు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఉన్నాయి. 1960ల్లో కంప్యూటర్లు కంపెనీల్లోకి వస్తున్నప్పుడు, ఐబీఎంలో పనిచేసిన జోసెఫ్ ఆర్లికీ వంటివారు ఎంఆర్‌పీ (మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్) అనే పద్ధతికి రూపమిచ్చారు. తయారు చేయాల్సిన వస్తువును బట్టి ఏ విడిభాగం ఎంత కావాలో, ఎప్పుడు కావాలో లెక్కగట్టడమే ఆ పద్ధతి. 1980ల్లో యంత్రాల సామర్థ్యం, పనిగంటలు, డబ్బు లెక్కలు దానికి తోడై ఎంఆర్‌పీ-2 అయింది. ఫ్యాక్టరీ గోడ దాటి అకౌంట్స్, జీతాలు, అమ్మకాల దాకా వచ్చిన ఈ వ్యవస్థకు 1990లో టెక్నాలజీ పరిశోధన సంస్థ గార్ట్‌నర్ ఈఆర్‌పీ అని పేరుపెట్టింది.

మరోపక్క, ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు ఇంజినీర్లు 1972లో జర్మనీలో శాప్ కంపెనీని ప్రారంభించారు. వాళ్ల ఆర్/3 సాఫ్ట్‌వేర్ 1992లో వచ్చింది. పెద్ద మెయిన్‌ఫ్రేమ్‌లు లేకుండా సర్వర్ల మీద, డెస్క్‌టాప్ కంప్యూటర్లతో నడిచేది కావడంతో ఈఆర్‌పీ మరిన్ని కంపెనీలకు అందుబాటులోకి వచ్చింది. 2000 సంవత్సరంలో పాత ప్రోగ్రాముల్లో తేదీలు తలకిందులవుతాయన్న భయం మిగతాది పూర్తి చేసింది. పాతదాన్ని బాగుచేసుకునే బదులు కొత్తది కొనుక్కుందామని ఎన్నో సంస్థలు ఆ దశాబ్దం చివర్లో ఒక్కసారిగా ఇటు వచ్చాయి. తొందరలో పెట్టుకున్న ఆ సిస్టమ్‌ల బరువు కొన్ని చోట్ల ఇప్పటికీ తీరలేదు.

లెక్క సరిగ్గానే ఉన్నా జవాబు తప్పితే

ఎంఆర్‌పీ లెక్క ఇప్పటికీ తయారీ రంగపు ఈఆర్‌పీలకు గుండెకాయ. అది చాలా సాదా లెక్క. 200 ఆఫీసు కుర్చీలకు ఆర్డర్ వచ్చింది. కుర్చీకి ఐదు చక్రాలు, అంటే మొత్తం 1,000. స్టాకులో 300 ఉన్నాయి, ఇంకో 200 దారిలో ఉన్నాయి, కానీ 150 వేరే ఆర్డర్ కోసం ఇప్పటికే కేటాయించారు. మిగిలేవి 350. కొనాల్సినవి 650. సరఫరాదారు వంద చొప్పున ప్యాకెట్లలోనే అమ్ముతాడు కాబట్టి 700. సరుకు రావడానికి పది రోజులు పడుతుంది, బిగింపు 25వ తేదీన మొదలవ్వాలి, కాబట్టి ఆర్డర్ 15వ తేదీకల్లా వెళ్లాలి. ఇదే లెక్కను సిస్టమ్ వేలాది భాగాలకు రాత్రికి రాత్రి వేసి పెడుతుంది.

ఇందులోకి వెళ్లే ఒక్కో అంకెకు ఒక్కో విభాగం యజమాని. స్టాకు 300 అని ఉంది, కానీ రిపేర్ల కోసం ఎవరో 60 చక్రాలు చీటీ రాయకుండా పట్టుకెళ్లారు. సరుకు రావడానికి పది రోజులు అన్నది మూడేళ్ల కిందట ఎక్కించిన మాట, ఇప్పుడు పద్దెనిమిది రోజులు పడుతోంది. సిస్టమ్ కూడికలూ తీసివేతలూ తప్పులేకుండా చేస్తుంది, 25వ తేదీన లైన్ మీద చక్రాలు మాత్రం ఉండవు. ఇలా రెండుసార్లు జరిగితే చాలు, ప్లానింగ్ చేసే మనిషి సిస్టమ్‌ను నమ్మడం మానేసి తన సొంత ఎక్సెల్ షీట్ తెరుస్తాడు. అక్కడితో ఈఆర్‌పీ ఉన్న కంపెనీలో మళ్లీ రెండు లెక్కలు.

మాస్టర్ డేటాది, అంటే వస్తువులు, సరఫరాదారుల వంటి మూల జాబితాలది, ఇంకో తీరు. పాత సిస్టమ్‌లో ఒకే బోల్టు మూడు పేర్లతో ఉండొచ్చు: ‘బోల్ట్ ఎం10 40’, ‘ఎం10x40 బోల్ట్’, ‘హెక్స్ బోల్ట్ 10 మి.మీ.’. మొదటి కోడ్ కింద 2,000 ఉన్నాయి, రెండో దాని కింద సున్నా. రెండో కోడ్‌తో అవసరం పడగానే సిస్టమ్ కొత్తగా కొనమంటుంది, రెండు వేల బోల్టులు పక్క అరలోనే ఉంటాయి. మూడోది అదే బోల్టా, పొడవు వేరా అన్నది దాన్ని చేత్తో పట్టుకున్న మనిషే చెప్పగలడు. బయటి నుంచి వచ్చిన కన్సల్టెంట్‌కు తెలిసే దారి లేదు. సరఫరాదారుల జాబితాలోనూ ఇంతే. ఒకే కంపెనీకి రెండు కోడ్‌లుంటే ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కే ప్రమాదం ఉంది, ఎందుకంటే డూప్లికేట్ బిల్లును పట్టుకునే తనిఖీ మామూలుగా ఒక సరఫరాదారు కోడ్ పరిధిలోనే చూస్తుంది.

ఈ శుభ్రం చేసే పని ఎవరికీ నచ్చదు. మెచ్చుకునేవారుండరు, ప్రెజెంటేషన్‌లో చూపించడానికీ ఏమీ ఉండదు. గడువు దగ్గరపడితే దీన్నే ముందుగా కుదిస్తారు.

సులువయ్యేది ఎవరికి?

ఈఆర్‌పీ వల్ల వచ్చే లాభం ఒకచోట పడుతుంది, దానికయ్యే శ్రమ ఇంకోచోట పడుతుంది. లాభాల చర్చల్లో తక్కువగా వినిపించే సంగతి ఇది.

గేటు దగ్గర లారీ ఆగింది. చలానాలో 40 వస్తువులున్నాయి. ఇదివరకైతే స్టోర్స్ మనిషి పెట్టెలు లెక్కపెట్టి, చలానా మీద సంతకం చేసి, లారీని పంపించేవాడు. కాగితాల సంగతి తర్వాత అకౌంట్స్ వాళ్లు చూసుకునేవారు. ఇప్పుడు ప్రతి వస్తువుకూ ఆర్డర్‌లో సరైన లైన్ వెతకాలి, సంఖ్య, యూనిట్, బ్యాచ్ నంబరు, ఏ అరలో పెడుతున్నాడో అన్నీ కొట్టాలి. వెనక ఇంకో రెండు లారీలు నిలబడి ఉన్నాయి. నెలాఖరున అకౌంట్స్ విభాగానికి మిగిలిన రోజులు ఇతని చేతిలోంచి నిమిషాలు నిమిషాలుగా పోయినవే. అతనికి దీనివల్ల ఒరిగేదేమిటో ఎవరూ చెప్పలేదు, సహాయానికి ఇంకో మనిషినీ ఇవ్వలేదు.

అప్పుడు జరిగేది ఊహించదగ్గదే. సరుకు వచ్చినప్పుడు కాకుండా షిఫ్టు అయిపోయాక అన్నీ ఒకేసారి ఎక్కిస్తారు. తప్పనిసరిగా నింపాల్సిన గడిలో ఒక చుక్క పెట్టేస్తారు, లేదా 999 కొట్టేస్తారు. సిస్టమ్ దృష్టిలో గడి నిండింది, సేవ్ అయింది. పై అంతస్తులో డ్యాష్‌బోర్డ్ చూస్తున్నవారికి మాత్రం అది ఈ క్షణపు సమాచారంలాగే కనిపిస్తుంది. దీన్ని ఉద్యోగుల మొండితనం అనుకుంటే ట్రైనింగ్ మీద ట్రైనింగ్ పెట్టాలనిపిస్తుంది. నిజానికిది పని పంపకంలో వచ్చిన తేడా. బార్‌కోడ్ స్కానర్, అక్కర్లేని గడులు తీసేసిన చిన్న స్క్రీన్, సరఫరాదారే ముందుగా పంపే డెలివరీ వివరాలు, రద్దీ వేళల్లో ఇంకో మనిషి. వీటిలో ఏ రెండు సమకూరినా స్టోర్స్‌లో ఎంట్రీ సరుకుతోపాటే జరుగుతుంది. పది గడులు తప్పనిసరి చేసిన డిజైన్ సమావేశానికి ఆ స్టోర్స్ మనిషిని పిలిచారా లేదా అన్నది ఆరా తీస్తే, చాలా ప్రాజెక్టుల తీరు అక్కడే తెలిసిపోతుంది.

ఆరో సంతకం ఎందుకు?

ప్రాజెక్టు మొదట్లో కన్సల్టెంట్లు ఇప్పుడు పని ఎలా జరుగుతోందో రాసుకుంటారు, తర్వాత ఎలా జరగాలో గీస్తారు. ప్రాసెస్ సులువు కావడమంటూ జరిగితే ఈ రెండింటి మధ్యే జరగాలి. కొనుగోలు అభ్యర్థనకు ఆరుగురి సంతకాలు కావాలనుకోండి. నాలుగో సంతకం ఎందుకని అడిగితే ఎప్పటినుంచో ఉందని జవాబు వస్తుంది. ఎప్పుడో జరిగిన ఒక అవకతవక తర్వాత పెట్టి ఉంటారు, దాని సంగతి ఇప్పుడెవరికీ గుర్తులేదు. ఆ ఆరు సంతకాలనూ ఆరు క్లిక్కులుగా మార్చి సిస్టమ్‌లో పెడితే కాగితం పోతుంది, ఆలస్యం పోదు. పైగా ఇదివరకు ఫైలు పట్టుకుని ఒకరు వెంటపడేవారు, ఇప్పుడు అభ్యర్థన ఎవరి ఇన్‌బాక్స్‌లోనో చదవకుండా పడి ఉంటుంది.

మొత్తాన్ని బట్టి అంచెలు పెట్టడం మామూలుగా చేసే పరిష్కారం. చిన్న మొత్తానికి ఒక ఆమోదం, ముందే ఒప్పందం కుదిరిన ధరకు అసలు ఆమోదమే అక్కర్లేదు, పెద్ద మొత్తానికి రెండు లేదా మూడు. అలాగని కనిపించిన ప్రతి అంచెనూ కొట్టేయకూడదు. కొత్త సరఫరాదారును సిస్టమ్‌లో చేర్చే మనిషీ, అతనికి డబ్బు విడుదల చేసే మనిషీ ఒక్కరే అయితే దొంగ సరఫరాదారును సృష్టించడం నిమిషాల పని. ఆడిటర్లు అధికారాల విభజన కోసం పట్టుబట్టేది అందుకే. ఈ విభజన వల్ల పని కాస్త నెమ్మదిస్తుంది, నెమ్మదించాలి కూడా. వేగం ఒక్కటే కొలతగా పెట్టుకున్న ప్రాజెక్టులు ఈ తేడాను ఆడిట్ నివేదిక వచ్చాకగానీ గమనించవు.

సంస్థ మారాలా, సాఫ్ట్‌వేర్ మారాలా

ప్రతి ఈఆర్‌పీలోనూ సెట్టింగ్‌లతో మార్చుకోగలిగేవి కొన్ని, కోడ్ రాస్తేగానీ మారనివి కొన్ని ఉంటాయి. మొదటిది కాన్ఫిగరేషన్, రెండోది కస్టమైజేషన్. పన్ను రేటు, ఆమోద పరిమితి, గిడ్డంగుల పేర్లు మొదటి రకం. సాఫ్ట్‌వేర్ తయారీదారు ఊహించని పద్ధతిలో పని జరగాలంటే రెండో రకం కావాలి. కస్టమైజేషన్ రాయించేటప్పుడు పెద్ద ఖర్చులా కనిపించదు. ఆ తర్వాత వచ్చే ప్రతి అప్‌డేట్‌లోనూ దాన్ని మళ్లీ పరీక్షించాలి, అవసరమైతే మళ్లీ రాయించాలి. రాసిన మనిషి అప్పటికి ఉద్యోగం మారిపోయి ఉంటాడు.

లిడ్ల్ కథలో ఎక్కువగా వినిపించిన కారణం ఇదే. ఆ సంస్థ స్టాకు విలువను కొన్న ధరల మీద లెక్కగట్టుకునేది, రిటైల్ వ్యాపారానికి శాప్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అమ్మకం ధర ఆధారంగా కట్టేది. తన పద్ధతి మార్చుకోవడానికి లిడ్ల్ ఇష్టపడలేదు. స్టాకు విలువ చిన్న విషయం కాదు. కొనుగోళ్లు, దుకాణాల మధ్య సరుకు బదిలీలు, లాభాల లెక్క అన్నీ దాని మీదే నిలబడతాయి. అలాంటి పునాదిని మార్చాలంటే పైన కట్టిన ప్రతిదాన్నీ ముట్టుకోవాల్సిందే. చివరికి 2018లో సంస్థ తన పాత సొంత సిస్టమ్‌కే తిరిగి వెళ్లాలని నిర్ణయించుకుంది.

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగర పాలక సంస్థకు ఇంకోరకం అనుభవం ఎదురైంది. శాప్ నుంచి దాని పోటీ కంపెనీ ఒరాకిల్ సాఫ్ట్‌వేర్‌కు మారే ప్రాజెక్టును మొదట సుమారు 1.9 కోట్ల పౌండ్లతో అనుకున్నారు. సాఫ్ట్‌వేర్‌ను ఉన్నది ఉన్నట్టుగా వాడుకోవాలన్నది మొదటి మాట. తర్వాత పాత అలవాట్లకు తగ్గట్టు మార్పులు చేయించుకుంటూ పోయారు. 2022 ఏప్రిల్‌లో కొత్త సిస్టమ్ నడకలోకి వచ్చాక, బ్యాంకు లావాదేవీలను ఖాతాలతో జతచేసే భాగం సరిగ్గా పనిచేయక సిబ్బంది చేత్తో సరిచేయాల్సి వచ్చింది. ఖర్చు అంచనా 10 కోట్ల పౌండ్లు దాటింది. అనవసర ఖర్చులన్నీ నిలిపేస్తున్నట్టు 2023 సెప్టెంబరులో ఆ సంస్థ నోటీసు ఇచ్చింది. సమాన వేతన బకాయిలు అందుకు ముఖ్య కారణం, ఈ సిస్టమ్ తిప్పలు వాటికి తోడయ్యాయి.

ఇక్కడ సిస్కో ఉదాహరణను చాలామంది పొరపాటుగా చెబుతారు, అక్కడ అసలు కస్టమైజేషనే జరగలేదని. అలా అనుకునే మొదలుపెట్టారు, కానీ మధ్యలో కొన్ని ముఖ్యమైన పనులు సాఫ్ట్‌వేర్‌తో సాగవని తేలి డెవలపర్లను దించారు. ప్రధాన పద్ధతులను మాత్రం కదల్చకుండా, అవసరమైన చోటే కోడ్ రాయించుకున్నారు. అంతకుమించి ఇంకో కారణం ఉంది. 1994 జనవరిలో వాళ్ల పాత సిస్టమ్ పాడై కంపెనీ రెండు రోజుల పాటు దాదాపు స్తంభించింది. ఆ దెబ్బతో ఈఆర్‌పీ ఐటీ విభాగం గొడవగా మిగలకుండా, మంచి ఉద్యోగులను వాళ్ల పనుల్లోంచి తప్పించి ఈ ప్రాజెక్టులో వేసేంత పెద్ద విషయమైంది. ఎవరి పద్ధతి ఉండాలి, ఎవరిది పోవాలి అన్న తగవులు వారాల తరబడి నలగకుండా తేలిపోయాయి.

ఏ పద్ధతిని కాపాడుకోవాలి? ఒక కంపెనీని పోటీదారుల నుంచి వేరు చేసే పని ఏదైనా ఉంటే దానికోసం కోడ్ రాయించడంలో అర్థం ఉంది. జీతాల లెక్క, బిల్లుల చెల్లింపు, స్థిరాస్తుల తరుగుదల వంటి వాటిలో ఏ సంస్థకూ అంత ప్రత్యేకత ఉండదు. ఉందని ప్రతి విభాగాధిపతీ అంటాడు.

మారే రోజు

పాతదాన్ని ఆపి కొత్తదాన్ని మొదలుపెట్టే రోజును గో-లైవ్ అంటారు. అన్ని విభాగాలనూ ఒకే రోజు మార్చేయడం బిగ్ బ్యాంగ్ పద్ధతి. విభాగం తర్వాత విభాగం, లేదా శాఖ తర్వాత శాఖ మార్చడం దశలవారీ పద్ధతి. ఇందులో రిస్కు తక్కువే, కానీ మధ్యకాలంలో పాత సిస్టమ్‌కూ కొత్తదానికీ తాత్కాలిక వంతెనలు కట్టాలి, పని కాగానే వాటిని పడేయాలి. రెండింటినీ కొన్నాళ్లు పక్కపక్కన నడపడం వినడానికి క్షేమంగా ఉంటుంది. ప్రతి ఎంట్రీని రెండుసార్లు కొట్టాల్సిన సిబ్బందికి అది నరకం, నెల దాటితే రెండు చోట్లా తప్పులు మొదలవుతాయి. జీతాల వంటి చోట మాత్రం ఒకటి రెండు నెలలు ఇలా పోల్చి చూసుకోవడం మంచిదే.

అమెరికాలో చాక్లెట్ల కంపెనీ హెర్షీ 1999లో చేసింది బిగ్ బ్యాంగే. సుమారు 11.2 కోట్ల డాలర్ల ప్రాజెక్టు. నాలుగేళ్లు పట్టే పనిని రెండున్నరేళ్లకు కుదించారు, మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లను ఒకేసారి నడకలోకి తెచ్చారు. ఏప్రిల్‌లో కావాల్సింది జూలైకి జరిగింది, అంటే హాలోవీన్ పండగ కోసం దుకాణాల ఆర్డర్లు వచ్చిపడే రోజులకు. సరుకు ఉండి కూడా కంపెనీ పంపలేకపోయింది. అప్పట్లో వచ్చిన కథనాల ప్రకారం, రద్దీ రోజుల్లో సరుకు పెట్టుకోవడానికి వాడే అదనపు చోట్ల వివరాలు కొత్త సిస్టమ్‌లో లేవు. ఆ చోట్లు గిడ్డంగి సిబ్బందికి తెలుసు, కాబట్టి ఇన్నాళ్లూ ఎక్కడా రాసుకోవాల్సిన అవసరం రాలేదు. ఆ మూడు నెలల లాభం 19 శాతం పడిపోయింది.

అమెరికాలోనే నేషనల్ గ్రిడ్ అనే కరెంటు, గ్యాస్ సంస్థ 2012 నవంబరు మొదట్లో కొత్త సిస్టమ్‌కు మారింది. అంతకు వారం ముందే శాండీ తుపాను విరుచుకుపడింది, వేలమంది సిబ్బంది ఓవర్‌టైమ్‌లో ఉన్నారు. వాళ్ల గంటలు, అలవెన్సులు కొత్త సిస్టమ్‌కు మింగుడుపడలేదు. కొందరికి జీతం తక్కువ, కొందరికి ఎక్కువ, కొందరికి అసలే రాలేదు. ఇదివరకు నాలుగు రోజుల్లో ముగిసే నెలవారీ పద్దులు 43 రోజులు పట్టే స్థితికి వచ్చాయి. తేదీ వాయిదా వేస్తే డబ్బు పోతుంది, పరువు పోతుంది. వేయకపోతే ఏం పోతుందన్న లెక్క చాలా ప్రాజెక్టుల్లో వేసుకోరు.

గో-లైవ్ ముందు రోజుల్లో కట్‌ఓవర్ పని ఉంటుంది. సగం వచ్చిన ఆర్డర్లు, సగం కట్టిన బిల్లులు, చేతిలో ఉన్న స్టాకు, ఖాతాల ఓపెనింగ్ బ్యాలెన్సులు కొత్త సిస్టమ్‌లోకి వెళ్లాలి. దీన్ని ముందుగా నిజమైన డేటాతో రెండు మూడుసార్లు రిహార్సల్ చేసినవాళ్లకు ఎక్కడ ఎన్ని గంటలు పడుతుందో తెలుస్తుంది. పదేళ్ల పాత లావాదేవీలన్నీ తరలించాలన్న పట్టుదల చాలాసార్లు అనవసరం. వాటిని చూసుకోవడానికి మాత్రమే పనికొచ్చేలా వేరేచోట భద్రపరిస్తే చాలు. గో-లైవ్ తర్వాత మొదటి వారాల్లో అంతా నెమ్మదిస్తుంది. సిస్కోలో కూడా మొదట్లో సిస్టమ్ తరచూ ఆగిపోయి, కుదురుకోవడానికి సుమారు మూడు నెలలు పట్టింది.

2027 గడువు

ఈఆర్‌పీ మాట మళ్లీ గట్టిగా వినిపించడానికి ఒక తేదీ కారణం. శాప్ పాత సాఫ్ట్‌వేర్ ఈసీసీకి మామూలు సపోర్ట్ 2027 చివరితో ముగుస్తుంది. అదనంగా డబ్బు కడితే 2030 చివరిదాకా సాగించుకోవచ్చు. 2015లో వచ్చిన శాప్ కొత్త సాఫ్ట్‌వేర్ ఎస్/4హానాకు మారాల్సిన సంస్థలు ఇప్పుడు మొదట్లో ఎదురైన ప్రశ్నలనే మళ్లీ ఎదుర్కొంటున్నాయి. పాత సెట్టింగ్‌లను, కోడ్‌ను ఉన్నపళంగా మార్పిడి చేసుకోవడం ఒక దారి, దాన్ని బ్రౌన్‌ఫీల్డ్ అంటారు. అంతా కొత్తగా మొదలుపెట్టడం గ్రీన్‌ఫీల్డ్. కావాల్సినంత డేటాను, పద్ధతులను మాత్రం ఏరి తెచ్చుకునే మధ్యదారి కూడా ఉంది. మొదటిది వేగంగా అవుతుంది, పాత చిక్కుముళ్లను కూడా వెంట తెస్తుంది.

క్లౌడ్ ఈ లెక్కను ఇంకాస్త మార్చింది. సర్వర్లు కొనే పని పోయింది, లైసెన్సుకు బదులు చందా వచ్చింది. అప్‌డేట్ ఎప్పుడు తీసుకోవాలన్నది చాలావరకు వినియోగదారు చేతిలో లేదు. ఒరాకిల్ క్లౌడ్ ఈఆర్‌పీకి మూడు నెలలకోసారి అప్‌డేట్ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ముఖ్యమైన పనులన్నీ పరీక్షించుకోవాలి. అందుకే ప్రధాన సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకోకుండా, ప్రత్యేక అవసరాలను బయట వేరే చిన్న అప్లికేషన్లుగా కట్టుకోమని సాఫ్ట్‌వేర్ తయారీ కంపెనీలు ఒత్తిడి తెస్తున్నాయి. వాళ్ల నిర్వహణ ఖర్చు తగ్గుతుంది కాబట్టి ఆ సలహాలో వాళ్ల లాభమూ ఉంది. అయినా వినదగ్గ సలహానే. చిన్న సంస్థలకు ఓడూ, ఈఆర్‌పీనెక్స్ట్ వంటి ఓపెన్ సోర్స్ మూలాలున్న సాఫ్ట్‌వేర్లు తక్కువ ఖర్చులో దొరుకుతున్నాయి. బోల్టుకు మూడు కోడ్‌లున్న సమస్య వాటిలోనూ అంతే.

ఖర్చు అంచనాలో లైసెన్సు, కన్సల్టెంట్ల ఫీజు స్పష్టంగా కనిపిస్తాయి. సంస్థ సొంత ఉద్యోగుల కాలం కనిపించదు. ప్రాజెక్టుకు కావాల్సింది స్టోర్స్, అకౌంట్స్, ప్లానింగ్‌లలో పని బాగా తెలిసినవాళ్లు, రోజువారీ పని నడవడానికి కావాల్సిందీ వాళ్లే. వాళ్లను సగం కాలానికి ఇస్తామంటారు, రోజువారీ పని సగానికి తగ్గదు. దాంతో డిజైన్ సమావేశాలకు ఖాళీగా ఉన్నవాళ్లు వస్తారు, నిర్ణయాలు వాళ్లే చేస్తారు.

ఇప్పుడు మారే సంస్థలకు ఇరవై ఏళ్ల కిందటివారికి లేని సదుపాయం ఒకటుంది. ఏ రిపోర్టు, ఏ సొంత ప్రోగ్రాము గత ఏడాదిలో ఎన్నిసార్లు వాడారో పాత సిస్టమ్ వినియోగ రికార్డులే చెబుతాయి. తప్పనిసరి అని పోరాడి రాయించుకున్న ప్రోగ్రాముల్లో కొన్నిటి ఎదుట సున్నా ఉంటుంది. కొత్త సిస్టమ్‌లోకి ఏం తేవాలన్న చర్చ ఆ జాబితాతో మొదలైతే సగం వాదనలు అక్కర్లేకుండానే తేలిపోతాయి. మిగతా సగం మాత్రం స్టోర్స్‌లో, అకౌంట్స్‌లో పనిచేసేవాళ్లు కూర్చుంటేనే తేలతాయి.